రజాకారు నాయకుడి పాత్రచిత్రణ: కొన్ని ప్రశ్నలు

మా నారాయణగూడలో నెలకొకసారి పదిమందిమి ఒక మిత్రుని డాబా మీద చేరి, రాసుకున్నది చదువుకొని, నిర్మొహమాటంగా మాట్లాడుకునే అలవాటు చాలా ఏళ్లుగా ఉంది. కిందటి సమావేశంలో ఒక యువరచయిత తాను రాస్తున్న నవలలోంచి మూడు అధ్యాయాలు చదివాడు. వస్తువు కాశిం రజ్వీ జీవితం. మొదటి అధ్యాయంలో లాతూరు వీధుల్లో కత్తి పట్టుకు తిరిగే కుర్రవాడున్నాడు. రెండో అధ్యాయంలో అతను బజారులో మామూళ్లు వసూలు చేసే ముఠాకు నాయకుడు. మూడో అధ్యాయం చివరికి వచ్చేసరికి ఖాకీ తొడుక్కొని వేలమంది రజాకార్ల వందనం స్వీకరిస్తున్నాడు. వాక్యం బాగుంది. సంభాషణలు చురుగ్గా ఉన్నాయి. విన్నవాళ్లలో చాలామంది మెచ్చుకున్నారు. నేను మాత్రం, “ఈ కత్తి ఎక్కడిది?” అని అడిగాను.

“నవల కదా సార్, కల్పించాను. మనిషి ఊరికే అంత క్రూరుడవుతాడా? ఏదో ఒక మొదలుండాలి కదా” అన్నాడు.

ఆ క్షణంలో నాకు సరైన జవాబు తోచలేదు. అతనడిగిన ప్రశ్న సబబైనదే. క్రూరత్వానికి మొదలు ఉంటుంది. దాన్ని వెతకడం రచయిత పనే. అయితే ఆ మొదలును ఎక్కడ వెతుకుతున్నామన్నది కూడా ప్రశ్నే. ఒక మనిషి బాల్యంలోనా, అతని చేతికి తుపాకి అందించిన వ్యవస్థలోనా? ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

తన కల్పనకు ఆధారంగా అతను ఒక విదేశీ ఉదాహరణ చెప్పాడు. సెర్బియాకు చెందిన జెల్కో రజ్నాటోవిచ్, లోకానికి ‘అర్కాన్’గా తెలిసినవాడు. పశ్చిమ యూరపులో బ్యాంకులు దోచి, జైళ్లనుంచి తప్పించుకున్న దొంగ. స్వదేశానికి తిరిగివచ్చి బెల్‌గ్రేడులో ఒక ఫుట్‌బాల్ జట్టు అభిమానులకు నాయకుడయ్యాడు. యుగోస్లావియా విచ్ఛిన్నమవుతున్న 1990లో ఆ అభిమానుల్లోంచే యువకులను పోగుచేసి ఒక ప్రైవేటు సైన్యం కట్టాడు. 1992లో బోస్నియాలోని బియెలీనా పట్టణంలో ఆ సైన్యం చేసిన హత్యల ఫోటోలు లోకమంతా చూసింది. 1997లో అంతర్జాతీయ న్యాయస్థానం అతనిమీద నేరారోపణ చేసింది. విచారణ జరగకముందే 2000 జనవరిలో బెల్‌గ్రేడులోని ఒక హోటల్లో ఎవరో కాల్చి చంపారు.

ఇంతవరకు అది నేరకథే. ఆ కథలో నన్ను ఆకర్షించేది ఈ తరువాతి భాగం. అర్కాన్ చనిపోయిన ఇరవై ఏళ్ల తరువాత, 2021లో, సెర్బియా రాజ్య భద్రతా శాఖను నడిపిన ఇద్దరు పెద్ద అధికారులకు అంతర్జాతీయ న్యాయస్థానం శిక్ష వేసింది. 2023లో అప్పీలులో ఆ శిక్షను పెంచింది కూడా. వాళ్లు యూనిఫాం వేసుకొని ఊళ్లమీద పడ్డవాళ్లు కారు. కార్యాలయాల్లో కూర్చొని ఇలాంటి ముఠాలకు శిక్షణ, ఆయుధాలు, జీతాలు అందేటట్టు చూసినవాళ్లు. అర్కాన్ జీవితాన్ని అతని హత్యతో ముగించిన రచయిత దొంగ చచ్చాడని చెబుతాడు. ఆ ఇద్దరు అధికారుల దాకా తీసుకువెళ్లిన రచయిత రాజ్యం అంటే ఏమిటో చెబుతాడు. రెండు పుస్తకాల్లోనూ నాయకుడు ఒకడే. పుస్తకాలు మాత్రం ఒకటి కావు.

ఇప్పుడు మన రజ్వీ దగ్గరికి వద్దాం. ఇతను రౌడీ కాడు. ఈ ఒక్క మాట మన మిత్రుడి మూడు అధ్యాయాలనూ కూలదోస్తుంది. రజ్వీ అలీగఢ్‌లో చదివాడు. లాతూరులో వకీలుగా పనిచేశాడు. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టిన సంస్థ. దాన్ని ప్రజల్లోకి తీసుకువెళ్లినవాడు గొప్ప వక్త బహదూర్ యార్ జంగ్. ఆయన 1944లో చనిపోయాక, 1946లో రజ్వీ ఆ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. రజాకారు అంటే స్వచ్ఛంద సేవకుడు. ఆ సేవకుల దళం రజ్వీ నాయకత్వంలో సాయుధ దళంగా మారింది.

ఎలా మారింది? 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున, భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కోసం ఢిల్లీ బయలుదేరవలసిన ప్రతినిధుల ఇళ్లను ఇత్తెహాద్ జనం చుట్టుముట్టారు. ప్రధాని ఛత్తారీ నవాబు, నైజాం న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ కదలలేకపోయారు. రాజధాని నడిబొడ్డున ప్రధాని ఇంటిని గుంపు ముట్టడిస్తే, గుంపును చెదరగొట్టడానికి రాజ్యం దగ్గర పోలీసులు లేరా? సైన్యం లేదా? ఉన్నాయి. నైజాం ఆ గుంపును శిక్షించలేదు. ప్రతినిధి వర్గాన్నే మార్చాడు. ఛత్తారీ తప్పుకున్నాడు. పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. నవంబరు 29న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1948లో ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రివేళ విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. వాటిని తెప్పించుకున్నది వీధి ముఠా కాదు, ప్రభుత్వం.

అంటే ఇక్కడ వకీలు రౌడీగా మారలేదు. ఒక రాజ్యం తాను బహిరంగంగా చేయలేని పనిని చేయించుకోవడానికి ఒక వకీలును, అతని వెనుక ఉన్న గుంపును ఎంచుకున్నది. రజ్వీ మాటకారి, అహంకారి. చివరిదాకా తానే చరిత్ర నడుపుతున్నానని నమ్మినవాడు. రచయితకు ఇంతకంటె పాత్ర ఏం కావాలి? ఇలాంటివాడి చేతికి లాతూరు వీధుల్లో కత్తి ఇవ్వడం చరిత్రకు ద్రోహం. అంతకు మించి, కళకు నష్టం. చదువుకున్నవాడు, చట్టం తెలిసినవాడు హత్యలకు నాయకత్వం వహించడంలో ఉన్న భయానకం, కత్తి పట్టిన కుర్రవాడు కత్తే పట్టడంలో లేదు.

అయితే ఈ కథలో రౌడీలు లేరా? ఉన్నారు. కాని మన మిత్రుడు వెతికినచోట కాదు, గడీల దగ్గర ఉన్నారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపినవాళ్లు విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు. రజ్వీ అప్పటికింకా ఇత్తెహాద్ అధ్యక్షుడు కాలేదు. అంతకు ముందు కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ అదే దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టులో నిలబడి హత్యకు గురైనాడు. చనిపోయినవాడు ముస్లిం రైతు. చంపించినవాడు హిందూ దొర. వెట్టి చేయనన్న వాణ్ణి కట్టివేసి కొట్టడం, పంట ఎత్తుకుపోవడం, ఇల్లు తగలబెట్టడం — ఈ పనులన్నీ 1948లో రజాకార్లు చేశారు. కాని ఈ పనులను వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు. గడీ అరుగు మీద అవి తరతరాలుగా ఉన్నాయి. రజాకారు క్యాంపు చాలాచోట్ల గడీలోనే పడింది. దుడ్డుకర్రతో నిలబడ్డవాడి పక్కన తుపాకితో మరొకడు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ అన్నం పెట్టినది ఒకే వంటిల్లు.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడ్డది కూడా రజాకార్లు మాత్రమే కాదు. నైజాం సైన్యమూ వాళ్లతో ఉంది. బురుజు మీదినుంచి ఊరిని కాపాడుకున్న జనాన్ని ఓడించడానికి గుంపు చాలక, రాజ్యం ఫిరంగులు తెచ్చుకుంది. ఇంతకంటె రుజువు ఏం కావాలి?

మన సాహిత్యం ఈ సంగతిని గుర్తించలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో దొర అధికారం, మత సంస్థల రాజకీయం ఒకే ఊళ్లో ఎలా పెనవేసుకుంటాయో చూపించారు. ఆయన జైలులో గడిపిన మనిషి. ఊళ్లు తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషి. అందువల్ల ఆయన ఊరిలో మతం పేరు చెప్పి జరిగే ప్రతి పనికీ ఒక భూమి తగాదా అడుగున కనిపిస్తుంది. దాశరథి రంగాచార్యులు తమ నవలకు ‘చిల్లర దేవుళ్లు’ అని పేరు పెట్టడంలోనే ఒక సిద్ధాంతం ఉంది. దేవుడు నగరంలో ఉన్నాడు; అతని అధికారాన్ని చిల్లరగా మార్చి ఊరూరా పంచినవాళ్లు దేశ్‌ముఖులు, పటేళ్లు, పట్వారీలు. ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో ఆ కథను సాయుధ పోరాటం మీదుగా పోలీసు చర్య తరువాతి రోజులదాకా తెచ్చారు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకానికి బందగీ త్యాగం ప్రేరణ. 1947లోనే, అంటే రజాకార్ల పేరు చెబితే ఊళ్లు వణుకుతున్న రోజుల్లోనే, ఒక ముస్లిం రైతును తెలంగాణ పోరాటానికి ప్రతీకగా నిలబెట్టిన నాటకమది. మన వారసత్వం ఇది.

అలాగని లోపం లేదనడం లేదు. నేను చదివినంతలో మన నవలల్లో రజాకారు ఎప్పుడూ బయటినుంచి వస్తాడు. దుమ్ము లేపుకుంటూ లారీలో వస్తాడు, కాలుస్తాడు, పోతాడు. అతను ఎక్కడ పుట్టాడు? ఏం తిన్నాడు? నగరంలో పనిలేక తిరిగినవాడా? ఏదో ఒక చిన్న ఊళ్లో దొర ముందు చేతులు కట్టుకున్నవాడా? ‘నువ్వు పాలకజాతివాడివి’ అని రజ్వీ వేదిక మీదినుంచి చెప్పినప్పుడు, రెండు పూటలా తిండిలేని ఆ కుర్రవాడి గుండెలో ఏం కదిలింది? ఈ ప్రశ్న మనం అడగలేదు. బాధితుల పక్షాన నిలబడ్డాం. అది సరైన పనే. కాని పీడించినవాడి చేతిని మాత్రమే చూసి, ఆ చేతిలో ఆయుధం పడ్డ క్షణాన్ని చూడలేదు. ఆ ఖాళీలోనే ఇవాళ ఇతరులు వచ్చి తమ కథ రాసుకుంటున్నారు. 2024లో వచ్చిన ‘రజాకార్’ సినిమా ఆ రోజులను రెండు మతాల కథగా జనం ముందు పెట్టినప్పుడు మనకు కోపం వచ్చింది. కోపం రావడం సులువు. మనం రాయకుండా వదిలేసిన అధ్యాయం ఎక్కడుందో వెతుక్కోవడమే కష్టం.

ఈ తప్పు నేనూ చేశాను. నా యౌవనంలో రజాకార్ల మీద ఒక కథ రాశాను. అందులో రజాకారు నాయకుడికి ఎర్రని కళ్లు, గుబురు గడ్డం, చేతిలో కొరడా ఇచ్చాను. ఊళ్లో మంచివాళ్లందరికీ హిందూ పేర్లు పెట్టాను. అలా పెట్టానని కూడా నాకు తెలియదు. కథ అచ్చయింది, పదిమంది బాగుందన్నారు. అప్పట్లో మా వీధిలోనే ఉండే ఒక ఉర్దూ మాస్టారికి కథ చదివి వినిపించాను. ఆయన మంచి తెలుగు మాట్లాడేవారు. చివరిదాకా విని, “బాగానే రాశారు. మరి షోయబుల్లా ఎక్కడున్నాడండీ?” అన్నారు. నాకు జవాబు లేదు. ఆయన ఇంకేమీ అనలేదు, టీ తెప్పించారు.

నారాయణగూడ నుంచి బర్కత్‌పురా మీదుగా లింగంపల్లి చౌరస్తాకు నడిస్తే అరగంట కూడా పట్టదు. 1948 ఆగస్టు 21 రాత్రి ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పత్రికా కార్యాలయం నుంచి ఇంటికి వెళుతూ ఆ ప్రాంతంలోనే దాడికి గురైనాడు. కాల్చారు, చేయి నరికారు. కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. ముప్పై ఏళ్లు నిండని మనిషి. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని, రజాకార్లను అదుపు చేయాలని ఉర్దూలో, ముస్లిం పాఠకులను ఉద్దేశించి రాయడమే అతను చేసిన నేరం. రజాకార్లను రద్దు చేయమని కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇచ్చిన ప్రకటనను కూడా అతను తన పత్రికలో వేశాడు. రజ్వీకి హిందువుల పత్రికలంటే కోపం. ఈ పత్రిక అంటే భయం. తాను ఎవరి పేరు మీద మాట్లాడుతున్నాడో వాళ్లలోంచే ఒకడు లేచి, “నువ్వు మా ప్రతినిధివి కావు” అనడం ఏ నియంతా భరించలేడు. అందుకే రాసే చేతిని వెతికి నరికించారు.

ఆ చౌరస్తా గుండా ఎన్ని వందలసార్లో నడిచిన నాకు కథ రాసేటప్పుడు అతను గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదు? నా దగ్గర అప్పటికే ఒక మూస ఉంది కనుక. మూసపాత్ర చేసే అపకారం ఇదే. దుర్మార్గుణ్ణి ఎక్కువ చేసి చూపడం కంటె, మంచివాణ్ణి కనపడకుండా చేయడమే దానివల్ల ఎక్కువ జరుగుతుంది. షోయబుల్లా లేని రజ్వీ నవల, అది ఎంత సరసంగా రాసినా, రజ్వీ చెప్పుకున్న అబద్ధాన్నే ఒప్పుకుంటుంది. ముస్లిములందరికీ తానే గొంతు అన్నది అతని అబద్ధం.

ఇక ముగింపు సంగతి. మన మిత్రుడి నవల 1948 సెప్టెంబరులో రజ్వీ అరెస్టుతో ముగుస్తుందట. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నైజాం లొంగిపోయాడు. దుష్టుడికి శిక్ష పడింది, కథ కంచికి వెళ్లింది. కాని ఆ శిక్ష ఏమిటో చూడండి. షోయబుల్లా హత్యకేసులో రజ్వీకి పడ్డ శిక్ష పై కోర్టులో నిలవలేదు. నిలిచినది బీబీనగర్ దోపిడీ కేసు. 1948 జనవరిలో బీబీనగర్ మీద జరిగిన దాడికి గాను 1950లో ప్రత్యేక ట్రిబ్యునలు అతనికి ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది. సుప్రీంకోర్టు 1953లో అప్పీలును కొట్టివేసింది. 1957లో విడుదలై పాకిస్తాను వెళ్లిపోయాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. ఒక రాజ్యం పేర సైన్యం నడిపినవాణ్ణి చట్టం చివరకు బందిపోటుగా శిక్షించింది. వకీలును బందిపోటుగా మార్చడం మన మిత్రుడి కల్పన కాదన్నమాట. అతనికంటె ముందే న్యాయస్థానం ఆ పని చేసింది.

ఆ ముద్ర ఎవరికి ఉపయోగపడింది? బందిపోటు అంటే ఒంటరివాడు. అతని వెనుక సింహాసనం ఉండదు. నైజాం 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఆ పదవిలో ఉన్నాడు. 1949లో జాగీర్లు రద్దు చేశారు, జాగీర్దార్లకు పరిహారం ఇచ్చారు. పారిపోయిన దేశ్‌ముఖులు ఖద్దరు టోపీలు పెట్టుకొని సైన్యం వెంట ఊళ్లకు తిరిగివచ్చారు. రైతులు పంచుకున్న భూములు అడిగారు. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిములు మరాఠ్వాడాలోను ఇతర జిల్లాలలోను వేల సంఖ్యలో హతులయ్యారు. 27 వేలనుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేస్తే, ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు. రజ్వీ అరెస్టుతో ముగిసే నవల ఈ మనుషులందరినీ పుస్తకం బయటే వదిలేస్తుంది.

ఇదంతా పాత చరిత్ర అనుకునే విద్యార్థి మిత్రులకు ఒక మాట. బీబీనగర్ దాటి రైలు మరికొంత దూరం వెళితే భువనగిరి వస్తుంది. నయీముద్దీన్ ఆ ఊరివాడు. పీపుల్స్‌వార్‌లో పనిచేశాడు. 1993లో పోలీసు అధికారి వ్యాస్ హత్యకేసులో జైలుకు వెళ్లాడు. ఆ తరువాత తాను వచ్చిన ఉద్యమం మీదనే తిరగబడి, ముఠా కట్టి, భూములు ఆక్రమించి, జనాన్ని భయపెట్టి బతికాడు. 1999లో భువనగిరి గాయని బెల్లి లలిత హత్య, 2000లో పౌరహక్కుల నాయకుడు పురుషోత్తం హత్య, 2001లో ఆజం అలీ హత్య — ఇలాంటి హత్యల వెనుక నయీం ముఠా ఉందని, ఆ ముఠా వెనుక పోలీసుల అండ ఉందని పౌరహక్కుల సంఘాలు పదేపదే ఆరోపించాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ దగ్గర పోలీసు కాల్పుల్లో అతను చనిపోయాడు. మరునాటినుంచి పత్రికల నిండా అతని బంగళాలు, నగదు, మారువేషాలు! అండ ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. పనికివచ్చినన్నాళ్లు వాడుకోవడం, పని తీరాక నేరస్థుడని ప్రకటించడం, అతనితోపాటు ప్రశ్నను కూడా పాతిపెట్టడం — ఈ పద్ధతి 1948తో పోలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. వ్యవస్థదే తప్పంటే వ్యక్తి తప్పించుకోడా? తప్పించుకోడు, తప్పించుకోకూడదు. అదే వ్యవస్థలో, అదే మతంలో, అదే నగరంలో రజ్వీ ఒక దారి పట్టాడు, షోయబుల్లా ఇంకొక దారి పట్టాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. మాటే ఇద్దరికీ ఆయుధం. ఎంచుకునే వీలు ఉన్నదనడానికి షోయబుల్లాయే సాక్షి. వ్యక్తిని వదిలి వ్యవస్థను మాత్రమే రాస్తే అది కరపత్రం అవుతుంది. వ్యవస్థను వదిలి వ్యక్తిని మాత్రమే రాస్తే అది డిటెక్టివు నవల అవుతుంది. నవల ఈ రెండింటినీ ఒకే వాక్యంలో పట్టుకోవాలి. ఛత్తారీ ఇంటి ముందు గుంపు చేరిన ఆ తెల్లవారుజామున, లోపల వణుకుతున్న నవాబు, బయట అరుస్తున్న కుర్రవాడు, కోఠీలో మౌనంగా కూర్చున్న ప్రభువు, గుంపు మధ్య నిలబడి ఆ మౌనానికి అర్థం గ్రహించిన వకీలు — ఈ నలుగురినీ ఒక్క అధ్యాయంలో చూపగలిగినవాడే ఆ నవల రాస్తాడు. అందుకు లాతూరు కత్తి అక్కరలేదు.

మొన్న ఆ యువరచయిత మా ఇంటికి వచ్చాడు. మొదటి రెండు అధ్యాయాలు తీసివేశానని చెప్పాడు. “మరి ఎక్కడ మొదలు పెడతావు?” అన్నాను.

“ఇంకా తెలియలేదు సార్. లింగంపల్లి చౌరస్తాకు ఒకసారి నాతో వస్తారా?” అన్నాడు.

ఇద్దరం చెప్పులు తొడుక్కొని బయలుదేరాము.